వెబ్ ఏపీఐలలో దోషనివేదన – ఏకరూపత: తెలుగు విక్షనరీ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
డిజిటల్ నిఘంటువుల నుంచి ప్రోగ్రాముల ద్వారా పదసామగ్రిని సేకరించే పరిశోధకునికి సర్వర్ పంపే దోషసమాచారం కూడా ఒక ఆధారమే. అది ఏకరూపంగా లేనప్పుడు 'పదం లేదు' అన్న ఫలితానికీ, 'సమాధానం రాలేదు' అన్న స్థితికీ మధ్య భేదం చెరిగిపోతుంది. ఆ భేదాన్ని నిలిపే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వెబ్ ఏపీఐ, దోషనివేదన, స్థితిసంకేతం, ఆర్‌ఎఫ్‌సి 9457, తెలుగు విక్షనరీ.

1. ఉపోద్ఘాతం:
ఒక ప్రోగ్రాం మరొక ప్రోగ్రాం నుంచి సమాచారం కోరడానికి ఏర్పరచిన ద్వారం ఏపీఐ. హెచ్‌టిటిపి విధానంలో ప్రతి సమాధానానికీ మూడంకెల స్థితిసంకేతం ఉంటుంది. 2తో మొదలయ్యేవి సాఫల్యాన్ని, 4తో మొదలయ్యేవి అడిగినవారి వైపు దోషాన్ని, 5తో మొదలయ్యేవి సర్వర్ వైఫల్యాన్ని సూచిస్తాయి. 404 అంటే కోరిన వనరు కనబడలేదని, 503 అంటే సేవ తాత్కాలికంగా అందుబాటులో లేదని అర్థం. చిరునామా సరైనదైతే మొదటిది నమోదు చేయదగిన ఫలితం. రెండవది మళ్ళీ అడగవలసిన సందర్భం.

2. తెలుగు విక్షనరీ – దోషాల తీరు:
తెలుగు విక్షనరీ మీడియావికీ సాఫ్ట్‌వేర్‌పై నడుస్తుంది. దాని యాక్షన్ ఏపీఐ అనేక దోషాలను 200 సంకేతంతోనే పంపి, అసలు విషయాన్ని సమాధానంలోని 'ఎర్రర్' భాగంలో తెలుపుతుంది. లేని పుటను 'పార్స్' చర్యతో కోరితే 'మిస్సింగ్‌టైటిల్' అనే దోషకోడ్ వస్తుంది. అదే పుటను 'క్వెరీ' చర్యతో కోరితే దోషమేమీ రాదు. పుట వివరాలలో 'మిస్సింగ్' అన్న గుర్తు మాత్రమే ఉంటుంది. స్థితిసంకేతాన్ని మాత్రమే చూసి, అర్థవివరణ దొరకని ప్రతి పదాన్నీ 'లేదు' అని లెక్కించే ప్రోగ్రాం, సర్వర్ ఒత్తిడి వల్ల తిరస్కరణకు గురైన పదాలనూ ఆ జాబితాలోనే చేరుస్తుంది. మాండలిక పదాలు నిఘంటువుకెక్కలేదన్న నిర్ణయం అప్పుడు నిరాధారమవుతుంది.

3. ఏకరూప నిర్మాణం:
ఈ సమస్యకు పరిష్కారంగా 2016లో ఆర్‌ఎఫ్‌సి 7807, దాని స్థానంలో 2023లో ఆర్‌ఎఫ్‌సి 9457 వెలువడ్డాయి. ఇవి దోషవివరణకు ఐదు అంగాలను నిర్దేశించాయి: టైప్, స్టేటస్, టైటిల్, డీటెయిల్, ఇన్‌స్టెన్స్. తర్కశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే 'టైప్' దోషజాతిని, 'ఇన్‌స్టెన్స్' దోషవ్యక్తిని తెలుపుతాయి. ప్రోగ్రాం 'టైప్'ను బట్టి నడుచుకోవాలి. 'డీటెయిల్'లోని వాక్యాన్ని విడదీసి అర్థం రాబట్టకూడదు. అందువల్ల సందేశాన్ని చక్కని తెలుగులో రాసినా, తరువాత సంస్కరించినా ప్రోగ్రాం పనికి భంగం కలగదు.

సర్వర్ వైపు మినహాయింపులన్నింటినీ ఒకేచోట పట్టుకొని ఈ రూపంలోకి మార్చడం ఉత్తమం. ఊహించని దోషానికి 500 పంపి, అంతర్గత వివరాలను లాగ్‌లోనే ఉంచాలి. వాటిని వెల్లడిస్తే భద్రతకు ముప్పు. 'ఇన్‌స్టెన్స్' గుర్తు ఆధారంగా నిర్వాహకుడు ఆ లాగ్‌ను వెదకగలడు.

4. ముగింపు:
అభావాన్ని నిరూపించడానికి కూడా ప్రమాణం కావాలి. నిఘంటు ఏపీఐని రూపొందించేవారు అభావాన్నీ వైఫల్యాన్నీ వేర్వేరు సంకేతాలతో తెలపాలి. పరిశోధకులు 'లభించినవి', 'లేనివి', 'సమాధానం రానివి' అని మూడు పట్టికలను వేరుగా నిర్వహించాలి. మూడవ పట్టిక ఖాళీ అయిన తరువాతే రెండవ పట్టికపై నిర్ణయం ప్రకటించడం సమంజసం.