నిమ్మకాయ తీయండి చూద్దాం!

గోడకి వీపు, మడమలు ఆనించి నిలబడాలి. కాళ్లకి మూరెడు దూరంలో నిమ్మకాయ. మోకాళ్లు వంచకుండా, పాదాలు కదపకుండా నిమిషంలో తీసినవాళ్లకి బహుమతి. పుట్టినరోజు వేడుకల్లో పెట్టే పందెంలాంటిదే, కాకపోతే ఇది సైన్సు తరగతిలో. బహుమతికి డబ్బు ఖర్చవుతుందని మాత్రం మాస్టారు బెంగపడక్కర్లేదు.

మామూలుగా ముందుకు వంగితే నడుము కాస్త వెనక్కి జరుగుతుంది, అందుకే బరువు పాదాల మీదే నిలుస్తుంది. వెనక గోడ ఉంటే నడుముకి చోటేదీ? ఒంటి బరువుకి కేంద్రమైన గరిమనాభి కాలివేళ్లు దాటుతుంది, మనిషి తూలతాడు.

అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ 2010లో మొదలుపెట్టిన ‘మినిట్ టు విన్ ఇట్’ ఇలాంటి నిమిషం ఆటలకి పేరు తెచ్చింది. ఆటపాటలతో సైన్సు చెప్పడం మనకీ కొత్తకాదు. జన విజ్ఞాన వేదిక బడిపిల్లలకి చెకుముకి సంబరాలు జరుపుతోంది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ ప్రయోగాల సామాను బండ్లకెత్తి ఊళ్లకి పంపుతోంది. దాని ప్రాంగణం కుప్పం దగ్గరే.

అయితే ఈలలు, చప్పట్లతో పాఠం వచ్చెయ్యదు. గెలిచినవాడి పేరు చెప్పి ముందుకెళ్లిపోతే అది ఆటల పీరియడే. ముందు ఊహించు, తర్వాత చూడు, ఆపైన కారణం చెప్పు అనే పద్ధతిని రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ 1992లో తమ పుస్తకంలో వివరించారు. ఉదాహరణకి, రూపాయి బిళ్ల మీద డ్రాపర్‌తో ఎన్ని చుక్కలు పడతాయో ముందే పలకమీద రాయించాలి. అయిదని రాసినవాడు ఇరవై దాటినా నీరు ఒలకకపోతే నోరెళ్లబెడతాడు. నీరు బోర్లించిన గిన్నెలా ఉబ్బి నిలుస్తుంది. కాస్త సబ్బునీళ్లు తగిలిస్తే చాలు, జారిపోతుంది. తలతన్యత గురించి చెప్పాల్సిన సమయం అదే.

గరిమనాభి పాఠానికి శ్రీకాకుళం దగ్గరున్న శ్రీకూర్మం పిల్లలకి ఇంకో సదుపాయం ఉంది. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి. ప్లాస్టిక్ బంతి లోపల ఒకవైపు బంకమట్టి అంటించి, ఎలా దొర్లించినా అదే వైపు కిందికి వచ్చేలా చేయమని పందెం పెట్టొచ్చు. మరి తాబేలు కడుపులో మట్టిముద్ద లేదే, వెల్లకిలా పడితే ఎలా లేస్తుంది? హంగరీకి చెందిన గాబోర్ దొమొకోష్, పీటర్ వార్కొన్యీ దీని మీదే 2008లో పరిశోధనపత్రం రాశారు. అంతకుముందు 2006లో వాళ్లు తయారుచేసిన ‘గొంబొట్స్’ అనే వస్తువు లోపల ఏ బరువూ దాచకుండా, కేవలం ఆకారంతోనే తిరిగి నిలబడుతుంది. నక్షత్ర తాబేలు డిప్ప దాదాపు అలాగే ఉంటుంది. చివర్లో కాళ్లతో, తలతో ఒక్క తోపు తోస్తే సరిపోతుంది.

ఈ పందెం బంతితోనే ఆడించాలి. గుడి తాబేళ్లని తిరగేసి చూద్దామని పిల్లలు ఉబలాటపడతారు గానీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి కాపలాగా ఉంది.