అకేడియా కుటుంబాల వంశశోధన

లాంగ్‌ఫెలో 1847లో ప్రకటించిన 'ఇవాంజలిన్' కావ్యంలోని వృద్ధ నోటరీ కేవలం కవికల్పితుడు కాడు. గ్రాన్ ప్రే గ్రామంలో రెనే లెబ్లాన్ అనే నోటరీ నిజంగానే ఉండేవాడు. ఆయన వంశాన్ని పట్టుకొని పోతే, అకేడియా కుటుంబాల పూర్వచరిత్ర ఎంతవరకు సుగమమో, ఎక్కడ దుర్గమమో తెలిసివస్తుంది.

నేటి కెనడా తూర్పుతీరంలోని నోవాస్కోషియా, దాని పరిసరాలే ఆనాటి అకేడియా. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుండి వచ్చిన కుటుంబాలు కొద్ది. 1671 నాటి జనాభా లెక్కలో నాలుగు వందల మందికి లోపే. అయినా ఆ పట్టీలో గృహస్థుని వయస్సు, సంతానం, పశువులు, గొఱ్ఱెలు, సాగునేల అన్నీ ఎక్కినవి. భార్యను పుట్టింటిపేరుతోనే వ్రాయడం శోధకునికి పెద్ద వరం. పోర్ట్ రాయల్‌లోని దానియేల్ లెబ్లాన్, ఫ్రాన్స్వాజ్ గోదే దంపతులు అందులో కనిపిస్తారు. మన నోటరీ వారి మనుమడు.

1713 సంధితో ఆ దేశం బ్రిటిషువారి వశమైనది. 1755లో వారు అకేడియన్లను బలవంతంగా ఓడలెక్కించి పరదేశాల పాలు చేసినారు. నోటరీ వెంట భార్య, ఇద్దరు చిన్నబిడ్డలు మాత్రమే వెళ్లగలిగినారు. మరి ముగ్గురు బిడ్డలను ఫిలడెల్ఫియాలో కలిసికొని, అక్కడే ఆయన కన్నుమూసినాడు. మనుషులవలెనే పుస్తకాలూ చెదరినవి. గ్రాన్ ప్రే చర్చి రిజిష్టర్లు ప్రవాసులతో లూయిసియానాకు చేరి, నేడు బాటన్ రూజ్ డయోసీసు భాండాగారంలో ఉన్నవి.

పుస్తకాలు అందని చోట నోటిమాటే ఆధారమైనది. వర్జీనియా త్రోసివేయగా ఇంగ్లండులో బందీలై, 1763లో ఫ్రాన్సు చేరినవారు కొందరున్నారు. చాలవరకు వారితోనే 1765లో బ్రిటనీ తీరపు బెలీల్ ద్వీపంలో 78 కుటుంబాలు వెలసినవి. 1767లో అధికారులు ఆ కుటుంబాల పెద్దలచేత ప్రమాణం చేయించి, వంశక్రమాన్ని చెప్పించి వ్రాయించినారు. ఎవరు ఎవరికి పుట్టినారు, ఎవరిని పెండ్లాడినారు, ఏ రేవులో మరణించినారు, సర్వమూ జ్ఞాపకం నుండియే! ప్రవర చెప్పుకొనే మనకు ఈ పద్ధతి వింతగా తోచదు. అయితే మూలపురుషుడు భార్యాసమేతంగా ఫ్రాన్సు నుండి వచ్చినాడన్న చోట శోధకుడు ఆగి చూడాలి. అతని వివాహం అకేడియాలోనే జరిగి ఉండవచ్చును. ఇటువంటి చిక్కులను స్టీఫెన్ వైట్ 1999లో వెలువరించిన వంశనిఘంటువు ఓపికగా విడదీసినది.

ఇంకొక చిక్కు నావంటి అనువాదకునికి కొంత సిగ్గు కలిగించేది. ఇంగ్లీషువారి నడుమ లెబ్లాన్ కొన్నిచోట్ల 'వైట్' అయినాడు. అర్థం చెడలేదు, ఆనవాలు చెడినది. ఒక వైట్ కుటుంబపు మూలం ఇంగ్లండో, గ్రాన్ ప్రేయో, పాత బాప్తిస్మపు పుటలో తల్లి పుట్టింటిపేరు చూచినమీదటనే తేలుతుంది.