మూత మీద నిప్పులు

పార్సిప్పనీ చలికి ఇడ్లీపిండి పులవదని అవెన్‌లో బల్బు వేసి అందులో దాచడం మనలో చాలామందికి అలవాటే. అదే అవెన్‌లో బ్రెడ్ చేసుకోవచ్చని నాకు తట్టడానికి పదేళ్ళు పట్టింది.

న్యూయార్క్‌లో బేకరీ పెట్టిన జిమ్ లేహీ పద్ధతి 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. మూడు కప్పుల మైదా, పావు టీస్పూను ఈస్టు, టీస్పూనుంబావు ఉప్పు, కప్పున్నర పైచిలుకు నీళ్ళు. కలిపి, మూతపెట్టి 12 నుంచి 18 గంటలు వదిలెయ్యడమే. పిసకక్కర్లేదు; మన చేతులు చేసే పని తడీ, కాలమూ చేసిపెడతాయి.

ఆరునెలలకని వచ్చి, కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప పనిలేక నలిగిపోతున్న మా అమ్మ ఆ జారుపిండి చూసి, "ఇదెక్కడి రొట్టే!" అంది.

పోత ఇనుము గిన్నెని 450 డిగ్రీల ఫారన్‌హీట్‌లో అరగంట ఖాళీగా కాల్చి, పిండి జారవిడిచి మూతపెట్టాను. పిండిలోంచి లేచిన ఆవిరి మూతకింద చిక్కుకుని పైపొరని ఎండనివ్వదు. అందుకే రొట్టె పొంగుతుంది. అరగంటయ్యాక మూత తీసి కాలిస్తేనే కరకరలాడే పెచ్చు కడుతుంది. నేను మధ్యలోనే తియ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆగవే! దిబ్బరొట్టెకి మా అమ్మ మూతమీద నిప్పులు పోసేది, ఎందుకనుకున్నావ్? పైనా కిందా సెగ తగలాలి."

ఆరుబయట వంటకి ఇక్కడివాళ్ళు వాడే డచ్ అవెన్ మూతకీ నిప్పులు నిలవడానికే అంచు ఉంటుంది.

మర్నాడు నేను లేచేసరికి అవెన్ వెలుగుతోంది. ఇనపగిన్నెలో మినప్పిండి. మూత ముట్టుకోవద్దంది అమ్మ.