స్టార్టర్ డబ్బా కథ

జనగామ మెట్టపొలాల్లో మోటారు కంటికి కనపడదు. వందల అడుగుల లోతున, బోరు నీళ్లలో మునిగి తిరుగుతుంటుంది. దాని బాగోగులు తెలిసేది గట్టు మీది స్టార్టర్ డబ్బాతోనే.

ఈ త్రీఫేజ్ ఇండక్షన్ మోటారుకు నేటి రూపమిచ్చినవాడు మిహాయిల్ దోలివో దోబ్రోవోల్‌స్కీ. 1889లో, బెర్లిన్‌లో, ఏఈజీ కంపెనీలో పనిచేస్తున్నప్పుడు. తిరిగే భాగానికి తీగలతో కరెంటు ఇవ్వనక్కర్లేదు, అరిగే బ్రష్షులు లేవు; అందుకే నీళ్లలో ఏళ్ల తరబడి ఉండగలుగుతోంది. కాకపోతే ఆన్ చేసిన క్షణాన మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది.

స్టార్టర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది కాయిల్. పచ్చ బటన్ నొక్కితే అయస్కాంతమై కాంటాక్టులను పట్టుకుంటుంది. కరెంటు పోగానే వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా మనిషి వచ్చి నొక్కితే తప్ప మోటారు కదలదు. ప్రాణాలు కాపాడే ఏర్పాటు ఇదే.

మన దగ్గర విడతలవారీ కరెంటు రోజుల్లో ఆ ఏర్పాటే రైతుకు శిక్ష అయింది. అర్ధరాత్రి కరెంటొస్తే చీకట్లో, పాముల మధ్య, తడి కాళ్లతో పొలానికి పోవాలి. ఆ బాధలోంచి ఊరూరికీ పాకింది, కరెంటు రాగానే మోటారును తానే నడిపే ఆటో స్టార్టర్. తప్పు రైతుది కాదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం కోరింది. మనిషి లేకున్నా బోర్లు నడుస్తుంటే భూగర్భ జలం అడుగంటుతుంది. ఇంకొకటి, కరెంటు పోయి వస్తే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే ఐదారు రెట్లు లాగుతాయి. భూపాలపల్లి దగ్గర చెల్పూరు విద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు ఉన్నా, ఆ బరువు మోయాల్సింది మాత్రం చేనుపక్క ట్రాన్స్‌ఫార్మరే.

డబ్బా విప్పేవాడికైతే ఆటో స్టార్టర్ మరీ ప్రమాదం. కరెంటు లేదు కదా అని వైర్లలో చెయ్యి పెడతాడు; అది చెప్పాపెట్టకుండా వస్తుంది. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, బాగా వెలుగుతోందని ముందే తేల్చుకున్న టెస్ట్ ల్యాంపుతో మూడు ఫేజులూ చూశాకే ముట్టుకోవాలి. నల్లబడ్డ వైరు చివర్లు, వదులైన స్క్రూలు, గుంటలు పడ్డ కాంటాక్టులు వేడి ఎక్కడ పుడుతోందో చెబుతాయి.

తర్వాత ఓవర్‌లోడ్ రిలే. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను అతికించిన పట్టీ అది. వేడెక్కితే వంగి సర్క్యూట్ తెంపుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ హారిసన్ ఓడ గడియారం కోసం చేసిన పట్టీకి ఇది వారసురాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే మిగిలిన రెండు ఫేజులే భారమంతా మోయాలి. మోటారు మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది. ఆలోపే ఆపడం రిలే పని. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని మహబూబాబాద్ మిరప చేలల్లోనైనా, ఇంకెక్కడైనా రిలే డయల్ పెంచేస్తే, బోరులోంచి పైపులన్నీ పైకి లాగే ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. మోటారు పలక మీద రాసిన ఆంపియర్లకే డయల్ ఉంచాలి. ఇనుప డబ్బాకు ఎర్తు వైరు గట్టిగా బిగించాలి. వేసవిలో ఎర్తు గుంత ఎండకుండా బిందెడు నీళ్లు పోస్తుండాలి.