పిల్లల రక్తంలో సీసం – పరీక్ష చీటీ చదవడం ఎలా?



పిల్లవాడు సరిగా తినడు. తరచూ కడుపు నొప్పి అంటాడు. మొహం పాలిపోయి ఉంటుంది. నిన్న చెప్పిన పాఠం ఇవాళ గుర్తుండదు. ఇలాంటి పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. నులిపురుగులు కావచ్చు, రక్తహీనత కావచ్చు, చూపు మందగించడం కావచ్చు. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో మనం సాధారణంగా తలచుకోని కారణం ఒకటుంది. అది సీసం.

సీసం పెద్దవాళ్ల కంటే పిల్లలకే ఎక్కువ చేటు. నోటి ద్వారా లోపలికి పోయిన సీసాన్ని పెద్దవాళ్ల ఒళ్లు గ్రహించేదాని కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పసిపిల్లల ఒళ్లు గ్రహిస్తుంది. ఎదిగే మెదడును అది దెబ్బ తీస్తుంది. ఆ దెబ్బ పైకి కనిపించదు. చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ ఉండదు. రక్త పరీక్ష చేస్తే తప్ప తెలియదు. 2020లో యునిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళన కలిగించే మోతాదులో ఉంది. మన దేశంలో అలాంటి పిల్లలు సుమారు 27 కోట్ల మంది అని ఆ నివేదిక అంచనా.

అయితే పరీక్ష చేయించడం ఒక ఎత్తు, దాన్ని అర్థం చేసుకోవడం ఒక ఎత్తు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇబ్బంది మరీ ఎక్కువ. చీటీ ఇంగ్లీషులో వస్తుంది. డాక్టరుగారు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెబుతారు. ఇంటికొచ్చి మనం తెలుగులో చెప్పుకుంటాం. ఈ మధ్యలో అసలు సంగతి జారిపోతుంది. అందుకే ఈ రోజు ఆ చీటీని ఎలా చదవాలో తెలుసుకుందాం.

ముందుగా పేరు సంగతి. చీటీ మీద 'లెడ్' అని ఉంటుంది. అదే మన సీసం. కన్నడంలో సీస, మరాఠీలో శిసే, ఒడియాలో సీసా. ఒడియా డాక్టరుగారు సీసా అంటే మన ఇంటి ముసలమ్మ గాజుసీసా అనుకునే ప్రమాదం ఉంది! తమిళంలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. అక్కడ సీసాన్ని ఈయం అంటారు. చారు కాచే ఈయం చెంబు మాత్రం సీసంతో చేసినది కాకూడదు. అది తగరంతో, అంటే తమిళులు వెళ్లీయం అనే లోహంతో చేసినదై ఉండాలి. తగరంలో సీసం కలిపి అమ్మితే పులుపు తగిలినప్పుడు ఆ సీసం చారులోకి దిగుతుంది. ఇంకొక మాట. పెన్సిలు లోపలి నల్లటి పుల్లను 'లెడ్' అంటాం గానీ అందులో సీసం లేదు, అది గ్రాఫైటు. పిల్లవాడు పెన్సిలు ముల్లు కొరికాడని సీసం పరీక్షకు పరుగెత్తనక్కరలేదు.

ఇక చీటీలో చూడవలసిన మొదటి విషయం: ఏ నమూనా తీసుకున్నారు? సీసానికి సరైన పరీక్ష చేతి నరం నుంచి తీసిన పూర్తి రక్తంతో చేసేది. చీటీలో దాన్ని 'హోల్ బ్లడ్' అంటారు. రక్తంలో ఉన్న సీసంలో దాదాపు అంతా ఎర్రకణాల్లోనే ఉంటుంది. అందువల్ల ఎర్రకణాలను వేరుచేసి మిగిలిన 'సీరం'లో సీసం కొలిస్తే ఆ అంకె పిల్లవాడి స్థితిని చెప్పదు. సూదితో వేలి కొన పొడిచి తీసే చుక్కతో కూడా పరీక్ష చేస్తారు. అది త్వరగా అయిపోతుంది గానీ, వేలి మీద ఉన్న దుమ్ములోని సీసం చుక్కలో కలిస్తే అంకె అబద్ధంగా పెరుగుతుంది. కాబట్టి వేలి చుక్కలో ఎక్కువ వస్తే దాన్ని అనుమానంగానే తీసుకుని, నరం నుంచి రక్తం తీయించి నిర్ధారణ చేసుకోవాలి. అనుమానమే కదా అని వదిలేయకూడదు.

రెండవ విషయం: కొలత. సీసాన్ని ఎక్కువగా 'మైక్రోగ్రామ్స్ పర్ డెసిలీటర్' లెక్కలో చెబుతారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. డెసిలీటరు అంటే వంద మిల్లీలీటర్లు, సుమారు అర గ్లాసు. కొన్ని ప్రయోగశాలలు లీటరు లెక్కలో ఇస్తాయి. అప్పుడు అంకె పది రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. డెసిలీటరుకు 5 అన్నా, లీటరుకు 50 అన్నా ఒకటే. ఒక చీటీలో 6, ఇంకో చీటీలో 48 కనిపిస్తే ఎనిమిది రెట్లు పెరిగిందని గుండెలు బాదుకోకండి. మొదటిది డెసిలీటరుకు, రెండవది లీటరుకు అయితే నిజానికి 6 నుంచి 4.8కి తగ్గిందన్నమాట. అంకె ముందు 'కంటే తక్కువ' అనే గుర్తు ఉంటే, సీసం ఆ యంత్రం కొలవగలిగిన కనీస మోతాదు కంటే తక్కువగా ఉందని అర్థం. బొత్తిగా లేదని కాదు.

మూడవ విషయం చాలా ముఖ్యం. అంకె పక్కన 'నార్మల్' అని ఒక హద్దు అచ్చువేసి ఉంటుంది. ఆ హద్దు పెద్దవాళ్లదో, పాతదో కావచ్చు. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1985లో పిల్లలకు 25ను హద్దుగా పెట్టింది. 1991లో దాన్ని 10కి దించింది. 2012లో 5కి, 2021లో 3.5కి దించింది. సీసం మారలేదు, పిల్లలూ మారలేదు. తక్కువ మోతాదులోనూ చదువుకూ నడవడికకూ నష్టం జరుగుతోందని తెలియడమే ఇందుకు కారణం. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 5 గానీ అంతకు మించి గానీ ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ఆ సంస్థ 2021లో సూచించింది. కనుక 8 వచ్చి, పక్కన 'పదిలోపు నార్మల్' అని ఉన్నంత మాత్రాన ఊరుకోకూడదు.

అలాగని 8 వస్తే పిల్లవాడికి బుద్ధిమాంద్యం వచ్చేసిందని కూడా కాదు. 5, 8, 12 వంటి అంకెలకు మందు లేదు. సీసం వచ్చే దారి మూయడమే వైద్యం. 10 నుంచి 19 వరకు ఉంటే నెలలోపు, 20 నుంచి 44 వరకు ఉంటే రెండు వారాల్లోపు మళ్లీ పరీక్ష చేయించాలని సీడీసీ సూచన. 45 దాటితే ఆలస్యం పనికిరాదు, రెండు రోజుల్లోపు నిర్ధారణ కావాలి. సీసాన్ని పట్టి మూత్రం ద్వారా బయటికి పంపే చెలేషన్ మందులు సాధారణంగా ఆ స్థాయిలోనే, వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. అంకె ఎంతైనా సరే, ఆగని వాంతులు, మగత, మూర్ఛ ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నాలుగవ విషయం: కాలం. సీసం వచ్చే దారి మూస్తే రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది. కానీ సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాగి, మెల్లగా రక్తంలోకి వస్తూంటుంది. చాలాకాలం సీసం సోకిన పిల్లల్లో అందుకే తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది. పదిహేను రోజులకే తగ్గలేదని డాక్టరును మార్చకండి. మూడు నెలలైనా తగ్గకపోతే మాత్రం ఇంట్లో ఇంకా ఏదో దారి తెరిచే ఉందని గ్రహించండి.

ఇక చేయించకూడని పరీక్షలు. వెంట్రుకలు పంపితే ఒంట్లోని లోహాలన్నీ చెబుతామనే ప్రకటనలు వస్తూంటాయి. వెంట్రుకకు దుమ్ము, షాంపూ, రంగు అంటుకుంటాయి. లోపలి నుంచి వచ్చిన లోహమేదో, బయట అంటినదేదో తేల్చడం కష్టం. 2001లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న ఒకే మనిషి వెంట్రుకలను ఆరు ప్రయోగశాలలకు పంపి చూశారు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. రెండవది, ముందు చెలేషన్ మందు మింగించి తరువాత మూత్రం పరీక్షించడం. ఆ మందు వేసుకుంటే ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి. మందు వేయని మనిషి హద్దులతో ఆ అంకెను పోలిస్తే ప్రతి పిల్లవాడూ రోగిగానే కనిపిస్తాడు. ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా వైద్య విషశాస్త్ర కళాశాల 2009లో స్పష్టంగా చెప్పింది. ఇలాంటి చీటీలు చూపి అవసరం లేని పిల్లలకు చెలేషన్ మొదలుపెడితే డబ్బు పోవడంతో ఆగదు. పేర్లు దగ్గరగా ఉన్న రెండు మందుల్లో ఒకదానికి బదులు మరొకటి ఎక్కించడం వల్ల, 2005లో అమెరికాలో ఇద్దరు పిల్లలు రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయారు.

అన్ని లోహాలకూ ఒకే పరీక్ష పనికిరాదు. ఆర్సెనిక్‌నే తీసుకోండి. కర్ణాటకలో యాదగిరి జిల్లా కిరదళ్లి తండాలో బావి నీటి ఆర్సెనిక్ వల్ల జనం జబ్బుపడ్డ సంగతి పరిశోధకులు నమోదు చేశారు. ఆర్సెనిక్ రక్తంలో కొన్ని గంటలే నిలుస్తుంది, కాబట్టి మూత్రం చూడాలి. అయితే పరీక్షకు ముందు నాలుగైదు రోజులు చేపలు, రొయ్యలు, పీతలు తినకూడదు. వాటిలో అంతగా హాని చేయని రకం ఆర్సెనిక్ ఉంటుంది. యానాంలోనో, గంజాం తీరంలోనో రొయ్యల కూర తిన్న మర్నాడు పరీక్ష చేయిస్తే అంకె చూసి ఊరికే హడలిపోవాల్సి వస్తుంది. పాదరసమైతే, చేపల ద్వారా వచ్చేది రక్తంలోనూ, ఆవిరి పీల్చడం వల్ల వచ్చేది ముఖ్యంగా మూత్రంలోనూ తెలుస్తుంది. మన జిల్లాల్లో చాలామందికి తెలిసిన ఫ్లోరైడు అసలు భార లోహమే కాదు, దాని పరీక్ష వేరు.

రక్తంలో లోహం కనిపించినంత మాత్రాన ఆ జబ్బుకు అదే కారణమని కూడా చెప్పలేం. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయారు. కొందరి రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని తొలుత ప్రకటించారు. దేశమంతా సీసమే కారణం అనుకుంది. కొద్ది రోజులకే ఢిల్లీ ఎయిమ్స్, నీరీ నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చని తేల్చారు. రోగలక్షణాలు, నీరు, ఆహారం, మిగతా పరీక్షలు అన్నీ కలిపి చూస్తే గానీ నిర్ణయానికి రాకూడదని ఏలూరు మనకు నేర్పింది.

మరి పిల్లవాడి రక్తంలో సీసం నిజంగానే ఉంటే ఏం చేయాలి? ఇల్లంతా వెతకాలి. పెట్రోలులో సీసం కలపడం 2000 సంవత్సరంలో ఆగింది. ఇంటి రంగుల్లో సీసం మిలియనుకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నుంచి అమలులో ఉంది. కానీ పాత గోడల పెచ్చులు, పాత తలుపుల పొడి ఇంకా ఉన్నాయి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే పనిలో ఉన్న తండ్రి బట్టల మీద దుమ్ము ఇంటికి వస్తుంది. అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. వల అంచున కట్టే సీసపు గుళ్లు పిల్లల చేతికి ఇవ్వకూడదు. కళాయి పూసేవారు స్వచ్ఛమైన తగరమే వాడుతున్నారో లేదో అడగండి. విడిగా అమ్మే మెరిసే పసుపు, సింధూరం, సుర్మా కూడా అనుమానించదగినవే. నాగభస్మం వంటి రసౌషధాల్లో సీసం ఉంటుంది. పిల్లవాడికి ఏ నాటుమందు ఇస్తున్నా ఆ పొట్లం డాక్టరుకు చూపండి, దాచకండి.

ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. ఖాళీ కడుపున మరీ ఎక్కువ. కనుక వేళకు తిండి పెట్టండి. రాగులు, పాలు, మునగాకు, పప్పు, గుడ్డు మంచివి. మట్టి తినే పిల్లవాడిని కొట్టకండి. రక్తహీనతకు పరీక్ష చేయించండి, అడిగి సీసానికి కూడా చేయించండి. తినే ముందు చేతులు కడగడం అలవాటు చేయండి. ఇల్లు పొడిగా ఊడ్చే కంటే తడిబట్టతో తుడవడం మేలు.

చివరిగా, చీటీ చేతికి రాగానే అయిదు ప్రశ్నలు అడగండి. ఏ లోహం? నరం రక్తమా, వేలి చుక్కా? డెసిలీటరుకా, లీటరుకా? పక్కనున్న హద్దు పిల్లలదేనా? మళ్లీ పరీక్ష ఎప్పుడు? మీ భాష ఏదైనా సరే, ఈ అయిదింటికీ జవాబు రాకుండా కుర్చీలోంచి లేవకండి. పాత చీటీలు పారేయకుండా తేదీల వరుసలో దాచండి. సీసం తగ్గుతోందా లేదా అన్నది ఆ వరుసను బట్టే తెలుస్తుంది.