అర్జీ రాసే చేతికి వాదన నేర్పుదాం



ఏటా జూన్, జూలై నెలల్లో మన సొసైటీ ఆఫీసు బల్ల మీద దరఖాస్తుల కట్టలు పేరుకుంటాయి. మీరిచ్చిన జకాత్, సదఖా సొమ్ములోంచి చదువుకు సాయం కోరుతూ పిల్లలు రాసినవి అవి. ఎంపిక కమిటీలో కూర్చుని కొన్నేళ్లుగా వాటిని చదువుతున్నాను. చాలా వరకు ఒకే అచ్చు. "మేము చాలా బీదవాళ్లము. మా తండ్రిగారు ఎంతో కష్టపడుతున్నారు. దయచేసి నాకు సహాయం చేయగలరని ప్రార్థన." నెట్ సెంటర్లో ఒకరు రాయించుకున్నది మిగతావాళ్లు పేర్లు మార్చి దించుకుంటారు.

రెండేళ్ల కిందట ఒక దరఖాస్తు మాత్రం వేరుగా వచ్చింది. అందులో కన్నీళ్లు లేవు. తాను చేరదలచిన కోర్సు ఏది, ఏడాదికి ఖర్చెంత, ఇంట్లో సర్దగలిగింది ఎంత, తక్కువ పడేది ఎంత అన్నది ఆ అమ్మాయి లెక్క వేసి రాసింది. మేం దాన్ని పక్కన పెట్టాం. "ఇంత ధీమాగా రాసిందంటే ఇంట్లో జరుగుబాటు బాగానే ఉన్నట్టుంది" అనుకున్నాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఏడాది ఆమె చదువు ఆగిపోయిందనీ, బట్టల షాపులో పనికి కుదిరిందనీ తర్వాత తెలిసింది. మరుసటి ఏడు పిలిచి సాయం చేశాం. కానీ పోయిన ఏడాదిని మేం తిరిగి ఇవ్వలేం కదా.

ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది. పిల్లలకు వేడుకోవడం నేర్పింది మనమే. ఎక్కువ బాధ కనబరచినవారికి ఎక్కువ ఇస్తామని వాళ్లకు తెలిసిపోయింది. అందుకే నేను తెలుగు చెప్పే మన ఆదివారం తరగతిలో నిరుటి నుంచి ఒక పని మొదలుపెట్టాం. పిల్లలకు ఒప్పించే వ్యాసం రాయడం నేర్పుతున్నాం. అది ఏమిటో, ఎలా నేర్పుతామో, దానికి మీ నుంచి ఏం కావాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఒప్పించే వ్యాసం అంటే

బడిలో పిల్లలు రాసే వ్యాసాలు ఎక్కువగా "విద్య ప్రాముఖ్యత", "చెట్లు మనకు చేసే మేలు" లాంటివి. చదువు మంచిది కాదని, చెట్లు వద్దని ఎవరూ అనరు. ఎవరూ కాదనని మాటకు ఎవరినీ ఒప్పించనక్కర్లేదు. తెలిసిన మంచి మాటలు నాలుగు వరసగా పేరిస్తే సరిపోతుంది. ఒప్పించే వ్యాసం అలా కుదరదు. ఎదుట కాదనే మనిషి ఒకరు ఉండాలి. అతను ఎందుకు కాదంటున్నాడో మనకు తెలిసి ఉండాలి.

ఇది పరీక్షలకూ పనికొస్తుంది. పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో కరపత్రం రాయమని అడుగుతారు. కరపత్రమంటే ఊరి జనాన్ని ఒక పనికి ఒప్పించడమే. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో వ్యాసానికి విడిగా ఒక పేపరే ఉంది. రెండు వ్యాసాలు, ఒక్కొక్కదానికి 125 చొప్పున 250 మార్కులు. అయితే మార్కులకంటే ముందు ఈ పిల్లలకు ఒప్పించవలసిన మనుషులు ఇంట్లోనూ వీధిలోనూ ఉన్నారు.

నాలుగు మాటలు

మొదటి రోజు బోర్డు మీద "ప్రతిపాదన, హేతువు, నిదర్శనం, ఖండన" అని రాశాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగో ఇంగ్లీషో చదివే పిల్లలు వాళ్లు. అవి తుడిచేసి వాళ్ల నోట్లో నానిన మాటలే రాశాను: దావా, దలీల్, దాఖలా, జవాబు.

దావా అంటే ధర్మప్రచారం కాదు, కోర్టులో వేసే దావా. నాకు ఏం కావాలో, నేనేమంటున్నానో ఒక్క వాక్యంలో చెప్పడం. దలీల్ అంటే ఎందుకు అన్నదానికి కారణం. దాఖలా అంటే ఆ కారణం నిజమని చూపే రుజువు. జవాబు అంటే ఎదుటివారి అభ్యంతరానికి సమాధానం. వీటిలో మూడు తెలుగువాళ్లందరూ రోజూ వాడేవే. దలీల్ ఒక్కటే ప్రత్యేకంగా మన ఇళ్లలో వినిపిస్తుంది. పిల్లలకు వెంటనే అందింది. "సార్, మరి అర్జీ?" అని ఒక కుర్రాడు అడిగాడు. అర్జీలో కోరిక మాత్రమే ఉంటుంది, ఇవ్వడం ఇవ్వకపోవడం ఎదుటివారి దయ అన్నాను. దావాలో కోరికతోపాటు కారణమూ రుజువూ ఉంటాయి. కాదంటే ఎదుటివారు కూడా కారణం చెప్పవలసి వస్తుంది.

ఒక అమ్మాయి రాసిన వ్యాసం

ఎలా నేర్పుతామో ఒక ఉదాహరణతో చెబుతాను. పదో తరగతి చదువుతున్న అమ్మాయి ఒకరు మా తరగతికి వస్తుంది. తండ్రికి పంక్చర్ షాపు. పది అయ్యాక చదువు మాన్పించి కుట్టుపని నేర్పించాలని ఆయన ఆలోచన. మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరాలని ఆమె కోరిక. "మీ అబ్బాను ఒప్పిస్తూ రాయి" అన్నాను.

మొదటిసారి రాసిన దానిలో చదువు గొప్పదనం గురించి ఒక పేజీ ఉంది. చివర "కాబట్టి దయచేసి నన్ను చదివించండి" అని ఉంది. "మీ అబ్బా ఎందుకు వద్దంటున్నారు?" అని అడిగాను. "డబ్బుల్లేక" అంది. "ఆయన చెప్పారా?" అంటే తల అడ్డంగా ఊపింది. తండ్రిని ఎప్పుడూ అడగలేదు. ముందు అడిగి రమ్మన్నాను. ఒప్పించే వ్యాసంలో మొదటి పని రాయడం కాదు, వినడం.

మరుసటి ఆదివారం మూడు అభ్యంతరాలు తెచ్చింది. మొదటిది డబ్బు కాదు, బస్సు. కూతురు చీకటి పడ్డాక ఒంటరిగా రావడం ఆయనకు భయం. రెండోది ఖర్చు. మూడోది, "ఇంటర్ చదివి ఏం చేస్తుంది? ఎలాగూ పెళ్లి చేయాలి కదా."

ఇక దాఖలాల వేట మొదలైంది. బస్టాండుకు వెళ్లి టైములు రాసుకుంది. తమ వీధి నుంచి అదే కాలేజీకి వెళ్తున్న ఇద్దరమ్మాయిలతో మాట్లాడింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు సున్నా అని రాసింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారని చేర్చింది.

"తల్లికి వందనం" గురించి మొదట "15,000 రూపాయలు వస్తాయి" అని రాసింది. "మీ అమ్మీ పాస్‌బుక్ చూశావా?" అన్నాను. చూసి వచ్చింది. ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు మినహాయిస్తారు. అంకె దిద్దుకుంది. ఇంట్లో పాస్‌బుక్ చూసేది తండ్రే. 15,000 అని రాసి ఉంటే ఆ ఒక్క తప్పుతో మిగతా వ్యాసమంతా ఆయనకు అనుమానంగా తోచేది. రుజువు ఒక్కటి తప్పయితే నిజమైన వాటినీ ఎవరూ నమ్మరు. ఇది ఆ రోజు తరగతి మొత్తానికి పాఠమైంది.

మూడో అభ్యంతరానికి ఆమె పెళ్లి వద్దని రాయలేదు. "నాకిప్పుడు 16. 18 నిండేదాకా చట్టం ఎలాగూ ఒప్పుకోదు. ఆ రెండేళ్లే ఇంటర్. ఇంటర్ ఉంటే నర్సింగ్‌కు వెళ్లొచ్చు, డీఈఎల్ఈడీ చేసి టీచర్ కావచ్చు. కుట్టుపని సెలవుల్లో నేర్చుకుంటాను" అని రాసింది. తండ్రి కోరికను తోసేయకుండా దానికీ చోటు ఇచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది బస్సు సంగతి. అక్కడ ఆమె దాచలేదు. "సాయంత్రం బస్సు ఒకటి తప్పితే చలికాలంలో ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, మీ భయం నిజమే. ఆ రోజుల్లో బస్టాపు దాకా తమ్ముణ్ణి పంపండి. మేం ముగ్గురం కలిసే వస్తాం" అని రాసింది. ఎదుటివారి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటే మన వాదన బలహీనపడుతుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి అప్పుడే ఎదుటివారు మన మాట వినడం మొదలుపెడతారు.

ఆయనకు తెలుగు చదవడం రాదు. కూతురే చదివి వినిపించింది. ఆయన సరేనని అనలేదట. కాసేపు ఊరుకుని, "అడ్మిషన్లు ఎప్పుడు మొదలవుతాయి?" అని అడిగారట.

ఇది మనకు కొత్త కాదు

పెద్దల ముందు ఆడపిల్ల వాదించడం మర్యాదేనా అని కొందరు సోదరులు నన్ను అడిగారు. దివ్య ఖుర్ఆన్‌లో 58వ సూరా పేరే అల్ ముజాదిలా, అంటే వాదించే స్త్రీ. భర్త వల్ల తనకు జరిగిన అన్యాయాన్ని హజ్రత్ ఖౌలా (రజి) దైవప్రవక్త (స) ముందు పెట్టి వాదించిన సందర్భం అది. ఆమె మొర అల్లాహ్ ఆలకించాడని ఆ సూరా మొదట్లోనే ఉంది. మర్యాద తప్పకుండా వాదించవచ్చని మనకు ఇంతకంటే ఏం కావాలి?

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పేరు అలీగఢ్ విద్యాసంస్థతో మనందరికీ తెలుసు. దానికి ముందే ఆయన చేసిన సాహసం ఒకటి ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత, అనుమానం వస్తే చాలు శిక్షలు పడుతున్న రోజుల్లో, ఆ తిరుగుబాటుకు కారణాలు వివరిస్తూ ఉర్దూలో "అస్బాబె బగావతె హింద్" అనే చిన్న పుస్తకం రాశారు. అది 1859లో అచ్చయింది. ఆయన చదివించదలచింది పాలకుల చేత. అందుకే వాళ్లకు పట్టే కారణమే ఎంచుకున్నారు. శాసనాలు చేసే సభలో భారతీయులకు చోటు లేదు కాబట్టి ప్రజల మనసు ప్రభుత్వానికి తెలియలేదు, ప్రభుత్వ ఉద్దేశం ప్రజలకు తెలియలేదు అన్నది ఆయన దలీల్. క్షమించమని వేడుకోలేదు, దూషించనూ లేదు. ఎదుట ఉన్నది ఎవరో గుర్తెరిగి, వాళ్లకు అర్థమయ్యే కారణంతో నిజం చెప్పారు. మా తరగతిలో ఈ కథ తప్పకుండా చెబుతాం.

తరగతి ఎలా నడుస్తుంది

ముందు మాట్లాడిస్తాం, తర్వాతే రాయిస్తాం. ఇంట్లో అమ్మతో వాదించి సైకిల్ కొనిపించుకోగలిగిన పిల్లవాడు కాగితం ముందు మూగవాడవుతాడు. అందుకే నోటి మాటను కాగితం మీదికి తేవడమే మా పని. రెండు జట్లు చేసి ఒక విషయం మీద వాదించమంటాం. సగంలో జట్లు మారుస్తాం. ఇందాక కాదన్నదాన్ని ఇప్పుడు ఔనని వాదించాలి. పిల్లలు దీన్ని ఆటగానే తీసుకుంటారు, కానీ ఎదుటివారి వైపు నుంచి చూడటం ఇక్కడే అలవాటవుతుంది.

తర్వాత దాఖలాల కోసం ఒక వారం ఇస్తాం. చూసింది, లెక్కపెట్టింది, సంబంధించినవారిని అడిగి తెలుసుకున్నది మాత్రమే తేవాలి. వాట్సాప్‌లో వచ్చింది తెస్తే, అది ఎవరు చెప్పారో, ఎప్పటిదో తేల్చుకుని రావాలి. ఆపైన చిత్తుప్రతి. దాన్ని పక్కవాడు పైకి చదువుతాడు. చదివేవాడు ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయాలి.

మీ నుంచి కోరేది

దీనికి పెద్ద ఖర్చు లేదు. రెండు దినపత్రికలు, కాగితాలు, పిల్లలను తీసుకెళ్లి తీసుకురావడానికి ఆటో బాడుగ. మీ డబ్బుకంటే మీ సమయం ఎక్కువ కావాలి. నెలకు ఒక ఆదివారం ఒక గంట వచ్చి కూర్చోండి. పిల్లలు తమ వ్యాసాలు చదువుతారు. మీరు వ్యాపారులు, డాక్టర్లు, వకీళ్లు, ఉద్యోగులు. మీకు కలిగిన అభ్యంతరాలు అడగండి. మెచ్చుకోవడం మేం ఎలాగూ చేస్తాం. కాదని చెప్పే పెద్దమనిషే వాళ్లకు కావాలి.

రెండో కోరిక మన దరఖాస్తు ఫారం గురించి. అందులో "మీ కుటుంబ కష్టాలు వివరించండి" అన్న ప్రశ్న తీసేద్దాం. పేదరికానికి రుజువు ఆదాయ ధ్రువపత్రంలో ఉంటుంది, ఇంటికి వెళ్లి చూసి వచ్చే మన వలంటీర్లకూ తెలుస్తుంది. దాన్ని పిల్లల చేత మళ్లీ మళ్లీ రాయించనక్కర్లేదు. బదులుగా "ఏం చదవాలనుకుంటున్నారు? ఎందుకు? ఎంత కావాలి, ఆ లెక్క ఏమిటి? ఇది కుదరదని ఎవరైనా అంటే మీ జవాబు ఏమిటి?" అని అడుగుదాం. ఈ మార్పును వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. మీ మద్దతు కోరుతున్నాను, అభ్యంతరాలు ఉంటే అవి కూడా వినాలని ఉంది.

ఇచ్చే చేయి ఎప్పుడూ ఉంటుందని చెప్పలేం. రేపు ఈ పిల్లలు బ్యాంకు ముందు, కాలేజీ ముందు, ఇంటర్వ్యూ బోర్డు ముందు, తమ ఇంట్లో పెద్దల ముందు నిలబడతారు. అక్కడ మనం ఉండం. లెక్క వేసి రాసిన ఆ అమ్మాయి లాంటి వారిని మరోసారి పక్కన పెట్టకుండా ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, మన పిల్లల మాటకు సత్యాన్నీ బలాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.