మీకు తెలుసా? వత్తుకూ వైరు కావాలి!

కరీంనగర్, ఆదిలాబాద్ బజార్లలో రాత్రి వెలిగే తెలుగు బోర్డుల వెనక పెద్ద లెక్కే ఉంది. ‘పెద్దపల్లి’నే తీసుకోండి. అక్షరాలు నాలుగే. కానీ ద వత్తు, ల వత్తు విడి ముక్కలు. మూడో అక్షరం ‘ప’ తలకట్టు కూడా చాలా ఫాంట్లలో ఒంటికి అంటదు. ఒక్కోదానికి వేరే డబ్బా, వేరే ఎల్‌ఈడీలు, వేరే వైరు రంధ్రం. ఇంగ్లిషులో ఈ బాధ చిన్న ఐ, జే చుక్కలతోనే సరి!

12 వోల్టుల ఎల్‌ఈడీ మాడ్యూళ్ల వరుస మరీ పొడుగైతే చివరివి మసకబారతాయి. అందుకే రెండు కొసల నుంచీ కరెంటిస్తారు. డబ్బా లోతు చాలకపోతే అక్రిలిక్ ముఖం మీద వెలుగు చుక్కలు చుక్కలుగా తేలుతుంది.

అన్నట్టు, ఈ బోర్డుల్లోని తెల్లని వెలుగుకు మూలం నీలం ఎల్‌ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలానికే 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.